నలుగురి ఆమోదం

కంప్యూటరు అమ్మడానికి వచ్చిన ఇంజినీరు మా మేనేజరు గదిలో రెండు టీలు తాగి, "ఒక్క వారం చాలు సార్, ఆ తర్వాత అంతా దానంతటదే నడుస్తుంది" అన్నాడు. ఇండెంటు పుస్తకాలు పట్టుకుని రమ్మని నన్ను పిలిపించారు కాబట్టి ఆ మాట నా చెవులతో నేనే విన్నాను. ఆ వారం పదమూడు నెలలు సాగింది. ఆ పదమూడు నెలల్లో దానంతటదే నడిచింది గోడ మీది గడియారం ఒక్కటే.

తొంభైల మధ్యకాలం. నాచారం పారిశ్రామికవాడలో గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. మా ఇల్లు ఉప్పల్‌లో. అమ్మానాన్నలు నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినవాళ్ళు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ పని, అంతకుమించి మా ఇంట్లో మరో కార్యక్రమం ఉండేది కాదు. నేను బీఈడీ పూర్తిచేసి, ప్రభుత్వ టీచరు పరీక్ష రాసి, ఫలితం వచ్చేదాకా ఊరికే కూర్చోవడం దేనికని ఆ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేరాను. ఆరు నెలల్లో వెళ్ళిపోతాననుకున్నాను. ఫ్యాక్టరీలో చేరే ప్రతివాళ్ళూ అలాగే అనుకుంటారని, అనుకుంటూనే రిటైరవుతారని అప్పటికి నాకు తెలియదు.

స్టోర్స్‌ను నడిపేది స్టోర్ కీపరు. యాభై దాటిన మనిషి. ఆయన్ని నేను కాకా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. బోడుప్పల్ నుంచి సైకిలు మీద వచ్చి పొద్దున ఆరింటికల్లా స్టోర్స్ కిటికీ తెరిచేవాడు. మధ్యాహ్నం రెండున్నరకు మళ్ళీ సైకిలెక్కేవాడు. ఎవరెంత బతిమాలినా ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగేవాడు కాదు. పక్షవాతం వచ్చి ఆయన భార్య ఆరేళ్ళుగా మంచం మీద ఉంది. తెల్లవారుజామునే లేచి అన్నీ చేసిపెట్టి వస్తే, మూడింటికి ఆయన వెళ్ళి లేపి కూర్చోబెట్టి తినిపించేదాకా ఆమె అలా పడుకునే ఉండాలి. ఓవర్‌టైము చేయమని ఎవరైనా అంటే, "నాకు ఇంట్ల ఇంకో డ్యూటీ ఉన్నది సార్" అని నవ్వేవాడు.

ఆయన పని చేసే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. రూలు ప్రకారమైతే ముందు ఇండెంటు, అంటే ఫలానా వస్తువు కావాలని చీటీ, దాని మీద ఫోర్మన్ సంతకం, ఆ తర్వాతే వస్తువు. జరిగేది తలకిందులు. షిఫ్టు మొదలవగానే కిటికీ దగ్గర ఇరవై చేతులు. ఒకరికి డ్రిల్లు బిట్టు, ఒకరికి గ్లౌజులు, ఒకరికి నూనె తుడిచే పీచు. కాక అడిగినవాడి ముఖం చూసేవాడు, వస్తువు చేతిలో పెట్టేవాడు, అంతే. పన్నెండు దాటాక కిటికీ మూసి కూర్చుని, పొద్దుటి నుంచి ఎవరు ఏం తీసుకుపోయారో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ ఆ ఇండెంట్లన్నీ తానే రాసేవాడు. శనివారం ఫోర్మన్ వచ్చి వారం కట్ట మీద కబుర్లు చెబుతూ సంతకాలు గీకేవాడు. ఏడాదికోసారి ర్యాకులన్నీ దించి సరుకు చూస్తే, ఆయన రాసినదానికి అక్కడ ఉన్నదానికి తేడా రావడం నేను చూడలేదు.

ఇంజినీరు రెండోసారి వచ్చినప్పుడు నాలుగు విభాగాల పెద్దలనూ కూర్చోబెట్టి, "మీ దగ్గర పని ఎలా జరుగుతుందో చెప్పండి, అదే మేం కంప్యూటర్‌లో పెడతాం" అన్నాడు. ఎదురుగా మేనేజరు ఉన్నాడు. ఫోర్మన్ గొంతు సవరించుకుని, "ఇండెంటు వస్తది, నేను సంతకం బెడ్త, అప్పుడు సామాను ఇస్తరు" అన్నాడు. కాక తల ఊపాడు. కొనుగోళ్ళు చూసే ఆయనా, తనిఖీ చూసే ఆయనా తమ తమ రూళ్ళు పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. ఉన్నది ఎవరూ చెప్పలేదు, ఉండాల్సింది చెప్పారు. నేనూ ఓ మూల కూర్చుని రాసుకున్నాను గానీ నోరు విప్పలేదు. ఆ గంటన్నరలో మేమంతా కలిసి లేని ఫ్యాక్టరీ ఒకటి వర్ణించాం. ఆ లేని ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ తయారై వచ్చింది. దాన్ని ఉన్న ఫ్యాక్టరీలో దింపే పని నా నెత్తిన పడింది.

నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, నాకు టైపింగు వచ్చు, పెళ్ళి కాలేదు, ఎదురు చెప్పను. మూడోది వాళ్ళ భ్రమ. సికింద్రాబాద్‌లో ఆరు వారాల శిక్షణకు పంపించారు. ఖర్చు కంపెనీది కాబట్టి బాండు రాయించుకున్నారు. పదో తరగతి మెమో నుంచి బీఈడీ పట్టా దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ మేనేజరు బీరువాలోకి వెళ్ళిపోయాయి. నాలుగు విభాగాల పెద్దలూ కంప్యూటరు పద్ధతి సంతృప్తికరంగా ఉందని ఆమోదించిన రోజున వాటిని తిరిగి ఇస్తామని బాండులో ఒక వాక్యం. "ఎన్నాళ్ళుంటాయమ్మా, మహా అయితే నెల" అన్నాడు మేనేజరు. కోస్తా మనిషి, మాట మెత్తన. ఎంత మెత్తనంటే, ఆయన కాదన్నాడని ఇంటికి వెళ్ళాక గానీ అర్థమయ్యేది కాదు.

మొదట వస్తువుల పేర్ల దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. స్టోర్స్‌లో రెండు వేలకు పైగా రకాలు. ఒక్కోదానికి మూడేసి పేర్లు. కొన్న బిల్లులో ఒకటి, షెడ్డులో పనివాళ్ళ నోట్లో ఒకటి, కాక తలలో ఒకటి. షెడ్డు నుంచి వచ్చి "పచ్చ డబ్బ నూనె" అంటే ఏ నూనో, "నిన్నటిది గాదు, మొన్నటి సీలు" అంటే ఏ సీలో కాకకు తెలుసు. కంప్యూటరుకు మాత్రం పది అంకెల కోడు కావాలి. నాలుగు నెలల పాటు మధ్యాహ్నాలు ఆయన ర్యాకుల మధ్య నడుస్తూ చెప్తుంటే నేను వెనకాల నడుస్తూ రాసుకున్నాను. ఆయన ఉర్దూ మీడియంలో చదివాడు. ఇంగ్లీషులో అంకెలూ వస్తువుల పేర్లూ రాయగలడు గానీ ఒక వాక్యం చదవమంటే కళ్ళద్దాలు వెతుక్కునేవాడు, అవి ముక్కు మీదే ఉన్నా సరే.

ఓ మధ్యాహ్నం ఆ ర్యాకుల మధ్యే అడిగాను.

"కాకా, ఇదంతా నాకు జెప్పేస్తున్నవ్. రేపు నీకేం మిగుల్తది?"

"ఏం మిగుల్తది అంటే?" అన్నాడు. "నువ్వేమన్న పరాయిదానివా? రాసుకో, గది బెల్టు కాదు, దాని తమ్ముడు."

కంప్యూటరు నడిపించిన మొదటి రోజు ఫ్యాక్టరీ ఆగిపోయింది. మాట వరసకు అనడం లేదు, నిజంగానే ఆగింది. పొద్దున ఆరింటికి కిటికీ దగ్గర ఇరవై మంది. ఇండెంటు కంప్యూటర్‌లో వెయ్యాలి. అది ఫోర్మన్ తెర మీదికి వెళ్ళాలి. ఆయన షెడ్డులోంచి వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుని, తన గదిలో కూర్చుని, తన రహస్య పదం ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి ఆమోదిస్తే అది కాక తెర మీదికి రావాలి. కాక కూడా తన పదం కొట్టాలి. అప్పుడు గ్లౌజు. ఏడున్నరకు ముగ్గురికి గ్లౌజులు అందాయి. మిగతావాళ్ళు కిటికీ ముందు గోడకు చేరగిలబడి పేకాట లేని లోటు ఒక్కటే అన్నట్టు కూర్చున్నారు.

ఫోర్మన్ కంప్యూటరు పెట్టిన నా గదికి వచ్చాడు. మంచివాడే గానీ గొంతు షెడ్డులో పెరిగిన గొంతు.

"ఏందమ్మా ఇది? గీ డబ్బ కోసం నా మిషన్లు ఆపుకోవాల్నా? నా చేతులు సూడు. గీ చేతులతోటి ముట్టుకుంటే మళ్ళ నువ్వే తిడ్తవ్. నా పేరు మీద నువ్వే కొట్టు. నేనేమన్న అంటే అప్పుడు అడుగు."

"మీ పాస్‌వర్డ్ నాకు తెలియకూడదు సార్."

"ఒకటి రెండు మూడు నాలుగు. తెలిసింది గదా, కొట్టు."

మధ్యాహ్నానికి మిగతా ముగ్గురూ అదే దారి పట్టారు. కాక పాస్‌వర్డ్ ఆయన ఊరి పేరు. నలుగురి పాస్‌వర్డ్‌లూ గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాలేదు. మర్నాటి నుంచి ఫ్యాక్టరీ పాత పద్ధతిలోనే నడిచింది. కాక ముఖం చూసి వస్తువు ఇచ్చేవాడు, తన పుస్తకంలో రాసుకునేవాడు. పన్నెండుకు ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చేది. నేను గుమాస్తాగా ఇండెంటు వేసేదాన్ని, ఫోర్మన్‌గా మారి ఆమోదించేదాన్ని, కాకగా మారి వస్తువు ఇచ్చేసేదాన్ని, తనిఖీ ఆయనగా మారి తృప్తి పడేదాన్ని. మేనేజరు తన తెర మీద చూస్తే అన్నీ వరసగా, సకాలంలో, రూలు ప్రకారం. ఆయన ముచ్చటపడి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఆటోమేషన్ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే, అది నేనే అని చెప్పి ఉండేదాన్ని.

నా గది గాజు గది. దుమ్ము పడకూడదని కిటికీ లేదు. చెప్పులు బయట విడిచి రావాలి. కంప్యూటరుకు చలువ కావాలి కాబట్టి ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని కూర్చునేదాన్ని. షెడ్డుకు వెళ్ళే ప్రతివాడూ అద్దంలోంచి నన్నో చూపు చూసి వెళ్ళేవాడు. జూపార్కులో మనం చూస్తామే, అలాగే. కరెంటు పోతే బ్యాటరీ పెట్టె కీచుమని అరుస్తుంది, అది ఆగేలోగా అన్నీ భద్రపరచాలి. అందుకని నీళ్ళు తాగడానికి కూడా భయపడుతూ వెళ్ళేదాన్ని. సెలవు పెడితే మర్నాటికి రెండు రోజుల పుస్తకం బల్ల మీద ఉండేది. ఆదివారం ప్రార్థన మధ్యలో ఫ్యాక్టరీ జీపు చర్చి ముందు ఆగిన సందర్భాలు రెండున్నాయి. రెండోసారి పాస్టరుగారు నన్ను చూసి, వెళ్ళమ్మా అన్నట్టు చేత్తో సైగ చేశారు. అవమానంతో ఏడుపొచ్చింది.

ఇంకో చోద్యం. గేటు పాసు కూడా కంప్యూటర్‌లోనే పెట్టారు. షిఫ్టు మధ్యలో బయటికి వెళ్ళాలంటే అడగాలి, పై వాళ్ళు ఆమోదించాలి. ఒకరోజు జ్వరంతో కళ్ళు మూతలు పడుతుంటే, నేనే అడిగి, నేనే ఫోర్మన్‌గా ఆమోదించుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. వాచ్‌మన్ నవ్వాడు. "నాకు గవన్ని ఎరుక లేదమ్మా, కాయితం మీద సంతకం ఉంటేనే పంపిస్త." ఫ్యాక్టరీ మొత్తానికి అనుమతులిచ్చే మనిషిని, మళ్ళీ గాజు గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

పన్నెండో నెల దాటాక టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. రెండు వారాల్లో, ఫలానా శుక్రవారం పొద్దున పది గంటలకు సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ తీసుకురాని వారి పేరు జాబితా నుంచి తొలగించబడును అని అడుగున గీత గీసి మరీ రాశారు. ఆ ఉత్తరం అమ్మ చదివించుకుని చదివించుకుని, బైబిలులో పెట్టింది. నేను మాత్రం సంతోషపడలేకపోయాను. ఆ బీరువా కళ్ళ ముందు కనబడుతూనే ఉంది.

మేనేజరు ఉత్తరం చూసి ఎంతో సంతోషించాడు. కుర్చీ చూపించాడు కూడా.

"చాలా మంచి వార్తమ్మా. నాకేం అభ్యంతరం? నలుగురు హెడ్లూ ఆమోదించగానే తీసుకెళ్ళు. కాగితం మీద గీకడాలు వద్దు. ఇంత ఖర్చు పెట్టాం, ఆ ఆమోదం కూడా కంప్యూటర్‌లోనే తిరగాలి. యజమానికి చూపించాలి. ఆ పత్రం నేను తయారుచేయిస్తాను."

ఆయన తయారుచేయించేలోగా పది రోజులు గడిచాయి. ఆ పది రోజుల్లో నేనొక తెలివితక్కువ పని చేశాను. నేను లేకుండా ఇది నడవకపోతే నన్ను పోనివ్వరు కదా, నడిచేట్టు చేద్దామనుకున్నాను. ఇక ఎవరి పేరు మీదా నేను కొట్టనని చెప్పి, నలుగురికీ నేర్పడం మొదలుపెట్టాను. ఫోర్మన్ రెండు రోజులు వచ్చి కూర్చున్నాడు. మూడో రోజు షెడ్డులోంచి బయటికే రాలేదు. ఇండెంట్లు పేరుకుపోయాయి. మేనేజరు తెర ఎర్రబడింది. నన్ను పిలిచి, "నడుస్తున్నదాన్ని నువ్వే ఆపుతున్నావట. ఇలాగైతే వాళ్ళు తృప్తిగా ఉన్నారని నేనెలా అనుకోవాలమ్మా?" అన్నాడు. నేను కొడితే కంప్యూటరు బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు, నువ్వు పోతే ఎలా అంటారు. కొట్టకపోతే అది నడవనట్టు, నువ్వెలా పోతావంటారు. నాలుగో రోజున మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాను. కీబోర్డును ఎత్తి గోడకేసి బాదాలన్నంత కోపం వచ్చింది. బాదలేదు. జీతంలో కోస్తారు.

పరిశీలన శుక్రవారం. బుధవారం పన్నెండింటికి ఆ ఆమోద పత్రం తెర మీదికి వచ్చింది. మూడు పేజీల ఇంగ్లీషు. మొదటి పేజీలో కంప్యూటరు పద్ధతి ఎంత గొప్పదో ఉంది. అది చదివి ఫోర్మన్ దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఇన్ని దినాలు కొట్టినవ్, ఇదొక్కటి అడుగుతవా?" అని నవ్వాడు. మిగతా ఇద్దరూ అంతే. మూడు ఆమోదాలు పదిహేను నిమిషాల్లో అయిపోయాయి. మిగిలింది కాకది.

కాక పేరు మీద తెరిచినప్పుడు, ఎందుకో, పేజీలు ముందుకు తిప్పాను. మూడో పేజీలో, వచ్చే నెల ఒకటి నుంచి స్టోర్స్‌లో చేతిరాత పుస్తకాలు ఆపేస్తున్నట్టు ఉంది. ఇక కంప్యూటరు తెలిసిన గుమాస్తా ఒకరుంటే చాలునని ఉంది. అందువల్ల స్టోర్ కీపరు పోస్టు ఈ యూనిట్‌లో అక్కర్లేదు, ఆ పోస్టులో ఉన్నవారిని, వారి సమ్మతితో, పటాన్‌చెరు యూనిట్‌కు బదిలీ చేస్తున్నాం అని ఉంది.

రెండోసారి చదివాను. బోడుప్పల్ ఒక కొస, పటాన్‌చెరు ఇంకో కొస. బస్సులు మారుతూ పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. మధ్యాహ్నం మూడింటికి ఆయన ఇంట్లో ఉండే మాటే లేదు.

లేచి స్టోర్స్‌కు వెళ్ళాను. కాక కిటికీ మూసి, పొద్దుటి లెక్క పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఇప్పటికీ ఆ పది అడుగులూ నాకు గుర్తున్నాయి. చెప్పాలనే వెళ్ళాను. అది మాత్రం ఒట్టు.

"కాకా, నీ పేరు మీద కాయితం వచ్చింది. కంప్యూటరు మంచిగ నడుస్తున్నదని."

"నడుస్తున్నది గదా?"

"నడుస్తున్నది."

"మరి కొట్టు. నన్నేంది అడుగుడు?" పుస్తకంలోంచి తలెత్తి చూశాడు. "నీ సర్టిఫికెట్లు గా కాయితం మీదనే ఉన్నయంటివి. ఎల్లుండే గదా పోవుడు?"

"అవు కాకా."

"జల్ది కొట్టు బిడ్డా. టీచరమ్మవైతే మా ఇంటిదానికి నేనే జెప్త. నీ ముచ్చట రోజు అడుగుతది."

చెప్తే ఆయన వద్దంటాడు. అనాలి కూడా. అప్పుడు మేనేజరు పిలుస్తాడు, మెత్తగా మాట్లాడతాడు, ఆ మాటల్లోనే శుక్రవారం వెళ్ళిపోతుంది. ఆయన వద్దన్నా వాళ్ళు చేసేదెలాగూ చేస్తారు. ఈ లెక్కంతా ఆయన బల్ల ముందు నిలబడే వేసుకున్నాను, అంత త్వరగా. నెలల తరబడి ఊపిరాడని గదిలో కూర్చున్నదాన్ని, తలుపు సందు కనబడితే ఎవరి వేళ్ళు నలుగుతాయో చూడలేదు అని అనుకుంటే కొంచెం ఊరటగా ఉంటుంది. కానీ చూశాను. రెండుసార్లు చదివి మరీ చూశాను.

సరే కాకా అని వెనక్కి వచ్చాను. ఆయన ఊరి పేరు కొట్టాను. ఆమోదం నొక్కాను. తెర మీద నాలుగో గడి కూడా నిండింది.

గురువారం మధ్యాహ్నం మేనేజరు తన చేతులతో బీరువా తీసి కవరు ఇచ్చాడు. "చూశావా, వాళ్ళంతట వాళ్ళే ఒక్క పూటలో ఆమోదించారు. నీ కష్టం ఊరికే పోలేదమ్మా" అన్నాడు. ఆ మనిషికి నిజంగా తెలియదా, తెలిసీ అన్నాడా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. గాజు గదికి వచ్చి సర్టిఫికెట్లన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాను. పదో తరగతి మెమో అంచు కాస్త పసుపెక్కింది.

రెండున్నర దాటింది. అద్దం అవతల కాక చెప్పులు విడుస్తున్నాడు. ఆ వేళకు ఆయన ఫ్యాక్టరీలో ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. చేతిలో పొడుగు కవరు.

"ఇది ఇచ్చిన్రు. జర సదువు బిడ్డా. పెద్దగుంది."

చదివాను. వాక్యం వాక్యం తెలుగు చేసి చెప్పాను. పటాన్‌చెరు దగ్గర ఆయన ఒకసారి ఆపించి, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. వారి సమ్మతితో అన్నదాన్నీ చెప్పాను.

"నేనెప్పుడు ఒప్పుకున్న?"

ఆయన నా తెర వైపు చూశాడు.

"నిన్న నువ్వు అడిగినవే, కొట్టాల్నా అని. అండ్లనా?"

"అండ్లనే కాకా."

"గప్పుడు నువ్వు సదవలేదా?"

కూర్చున్న కుర్చీ, ఒళ్ళో నా కవరు, ఎదురుగా ఆయన. బయట షెడ్డులో మిషన్లు మామూలుగా తిరుగుతున్నాయి.

"లేదు కాకా. మొదటి పేజీ సూసి కొట్టిన."

"గదే అనుకున్న" అన్నాడు. కవరు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "సదివితే నాకు జెప్పకుంటవా."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన పటాన్‌చెరుకు తొమ్మిది రోజులు వెళ్ళి, పదో రోజు రాజీనామా రాసిచ్చాడని చాలా నెలల తర్వాత ఉప్పల్ బస్టాపులో ఫోర్మన్ చెప్పాడు. స్టోర్స్‌లో నా తర్వాత వచ్చిన పిల్లకు కూడా అందరి పాస్‌వర్డ్‌లూ ఇచ్చేశారట. బోడుప్పల్ మా ఇంటికి ఎంతో దూరం కాదు. నేను వెళ్ళలేదు.

శుక్రవారం పది గంటలకు నా పేరు పిలిచారు. బల్ల వెనక కూర్చున్న ఆమె ఒక్కో సర్టిఫికెటునూ వెలుతురుకు పెట్టి చూసి, అన్నీ అసలైనవే అని రాసుకుని, సంతకం చేయమంది. నా పేరు మీద నేనే చేశాను.